మూడోసారి పాసైన భీమవరం కుర్రాడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



ఒక్కసారి మీ ఇంట్లో మందుల డబ్బా గుర్తు చేసుకోండి. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు డాక్టరు రాసిచ్చిన ఫోలిక్ యాసిడ్ మాత్ర ప్రతి అమ్మకూ గుర్తుంటుంది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, తమ ఎదురుగానే మింగమని ఇచ్చే బోదకాలు నివారణ మాత్ర చాలామందికి తెలుసు. కీళ్లవాతంతో బాధపడే అమ్మమ్మకో తాతయ్యకో వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోమని రాసే మెథోట్రెక్సేట్ కొన్ని ఇళ్లలో ఉంటుంది. ఈ మూడు మందుల పుట్టుక వెనకా ఒకే మనిషి నడిపిన పరిశోధన ఉంది. ఆయన మన భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు.

ప్రతినెలా మన పత్రికలో ఒక మహనీయుడి జీవితం చెప్పుకుంటున్నాం కదా. ఈ నెల డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఇది మార్కుల గురించి ఇళ్లలో మాటలు పెరిగే కాలం. రెండోది, మన పిల్లలు సైన్సులో కణం పాఠాలు చదువుతున్నారు. కణం ప్రొటీన్లను ఎలా తయారు చేస్తుంది అనే ప్రశ్న దగ్గర చాలామంది పిల్లలు ఆగిపోతారు. పేర్లన్నీ కంఠతా పడతారు, లోపల జరిగే పని మాత్రం కళ్లకు కట్టదు. సుబ్బారావు గారి జీవితం వెంట నడిస్తే ఆ పాఠం కూడా దానంతట అదే తెలిసివస్తుంది.

గోదావరి సీమలో బాల్యం

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. చదువు మీద ఆయన మనసు నిలిచేది కాదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి, కాశీ వెళ్లే యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని బయలుదేరారు. తల్లి వెనక్కి పిలిపించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు.

రాజమండ్రిలో చదువు సాగలేదు. ఇంట్లో జబ్బులు, దగ్గరివాళ్ల మరణాలు ఆ కుర్రాడి మనసును కుదురుగా ఉండనివ్వలేదు. పరీక్ష ఒకసారి తప్పారు, రెండోసారీ తప్పారు. చివరికి మద్రాసు వెళ్లి, అక్కడి హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ఆ రోజుల్లో రెండుసార్లు తప్పిన పిల్లవాణ్ణి ఏదైనా చిన్న ఉద్యోగంలో పెట్టేయడమే రివాజు. ఆ తల్లి అలా చేయలేదు. పేదరికంలో ఉండి కూడా మూడో అవకాశం ఇచ్చారు. ఈ కథలో తరవాత వచ్చే ప్రతి విజయమూ ఆ మూడో అవకాశం మీదే నిలబడి ఉంది.

తరవాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివారు. ఆ వయసులో ఆయన మనసు సన్యాసం వైపు లాగింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివి కూడా జనానికి సేవ చేయవచ్చని మఠం పెద్దలు దారి చూపించారు. అలా ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు సాయపడ్డారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువు ఖర్చుకు అండగా నిలిచారు. వారి అమ్మాయి శేషగిరి గారితోనే తరవాత సుబ్బారావు గారి వివాహం జరిగింది.

ఖద్దరు కోటు ఖరీదు

అవి గాంధీజీ విదేశీ వస్తువులను బహిష్కరించమని పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు కోటే వేసుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు సర్జరీ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. రాత పరీక్షల్లో బాగా రాసినా, చివరికి ఆయన చేతికి వచ్చింది ఎంబీబీఎస్ పట్టా కాదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ రాలేదు.

ఈలోగా ఇంటిని మరో దెబ్బ తాకింది. ఆయన సోదరులు ఇద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల తేడాతో ఒకే జబ్బుతో చనిపోయారు. దాని పేరు స్ప్రూ. పేగులు ఆహారంలోని సారాన్ని పీల్చుకోలేవు, విరేచనాలు ఆగవు, ఒంట్లో రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమైపోతాడు. సుబ్బారావు గారికి కూడా ఆ జబ్బు సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు. ఆ తరవాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా చేరారు.

జబ్బు ఎందుకు వస్తుంది, మందు ఎందుకు పనిచేస్తుంది అనే ప్రశ్న అక్కడి నుంచి ఆయనను వదల్లేదు. జవాబు కోసం పెద్ద ప్రయోగశాల కావాలి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తానన్న సాయం, మామగారు కూడగట్టిన సొమ్ము చేతబట్టుకుని ఆయన ఓడ ఎక్కారు. 1923లో అమెరికాలోని బోస్టన్ నగరంలో దిగి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం కోర్సులో చేరారు. తెచ్చుకున్న డబ్బు ఎంతో కాలం రాలేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో పోర్టరు పని. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి తిండి ఖర్చు సంపాదించుకున్నారు.

నీలి రంగు చెప్పిన లెక్క

డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డ్‌లోని బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే అనే అధ్యాపకుడి దగ్గర చేరారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని వినడానికి చాలా చిన్నది. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడానికి మంచి పద్ధతి ఒకటి కనిపెట్టాలి.

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. పరీక్షించాల్సిన ద్రవంలో మాలిబ్డేట్ అనే రసాయనం కలిపితే అది ఫాస్ఫేటుతో జత కడుతుంది. దానికి మరో రసాయనం చేరిస్తే నీలి రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువ ఉంటే నీలం చిక్కగా, తక్కువ ఉంటే పలచగా ఉంటుంది. ఆ రంగు చిక్కదనాన్ని కొలిస్తే లెక్క తేలిపోతుంది. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లోకి వెళ్లింది. మీ ఇంట్లో బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు ఉంటే అడిగి చూడండి, ఆ పేరు వాళ్లకు తెలుస్తుంది.

మంచి కొలబద్ద చేతికి వస్తే, అంతకుముందు కనిపించనివి కనిపిస్తాయి. ఆ పద్ధతితో కండరాలను పరీక్షిస్తుంటే, ఎవరికీ తెలియని ఫాస్ఫరస్ పదార్థం ఒకటి బయటపడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని ప్రకటించారు. మన స్పోర్ట్స్ డే రోజున మీ పాప వంద మీటర్ల పరుగులో విజిల్ వినగానే దూసుకుపోతుంది చూడండి, ఆ మొదటి కొన్ని సెకన్లలో కండరాన్ని ఆదుకునే నిల్వ అదే.

రెండేళ్ల తరవాత, 1929లో, అంతకంటే పెద్దది దొరికింది. అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. ఏటీపీ అణువుకు తోకలా మూడు ఫాస్ఫేటులు వరసగా ఉంటాయి. చివరి ఫాస్ఫేటు ఊడినప్పుడు విడుదలయ్యే శక్తిని కణం తన పనులకు వాడుకుంటుంది. ఊడినదాన్ని మళ్లీ అతికిస్తే మళ్లీ వాడకానికి సిద్ధం. మైటోకాండ్రియా అనే భాగాలు మనం తిన్న అన్నం, పప్పుల నుంచి వచ్చిన శక్తితో రేయింబవళ్లు ఈ అతికించే పనే చేస్తుంటాయి. మనిషి ఒంట్లో ఒక రోజులో ఇలా తయారై ఖర్చయ్యే ఏటీపీ మొత్తం తూకం వేస్తే, దాదాపు ఆ మనిషి బరువంత ఉంటుందని అంచనా. అది కణం చేతి ఖర్చుల డబ్బు అని శాస్త్రలోకం స్పష్టంగా తెలుసుకోవడానికి మరో పన్నెండేళ్లు పట్టింది.

పూలమాల పాఠం

ఇక ఇక్కడ కాసేపు ఆగి, మన పిల్లల పాఠంలోకి వెళ్దాం. ఏటీపీ ఖర్చయ్యే పెద్ద పనుల్లో ఒకటి ప్రొటీన్ల తయారీ. పప్పులోనో గుడ్డులోనో ఉండే పోషకం మాత్రమే ప్రొటీన్ అనుకుంటాం. నిజానికి మన ఒంట్లో పనిచేసేవాటిలో ఎక్కువ భాగం ప్రొటీన్లే. రక్తంలో ప్రాణవాయువు మోసే హిమోగ్లోబిన్, తిన్నది అరిగించే ఎంజైములు, రోగంతో పోరాడే యాంటీబాడీలు, కండరం, వెంట్రుక, గోరు, అన్నీ ప్రొటీన్లే.

ప్రొటీన్ అంటే పూలమాల అనుకోండి. పూలు అమైనో ఆమ్లాలు. అవి ప్రధానంగా 20 రకాలు. ఏ పువ్వు పక్కన ఏ పువ్వు రావాలి అన్న వరసే ముఖ్యం. ఆ వరసలన్నీ రాసిన అసలు పుస్తకం డీఎన్ఏ. కణం దాన్ని కేంద్రకం అనే బీరువాలో భద్రంగా ఉంచుతుంది, బయటికి పంపదు. ఒక మాల కావలసినప్పుడు, ఆ పేజీని మాత్రం ఒక చీటీ మీద నకలు తీసి బయటికి పంపుతుంది. ఆ చీటీ పేరు మెసెంజర్ ఆర్ఎన్ఏ.

చీటీ చూసి మాల కట్టే చేతులు రైబోజోములు. ప్రతి రైబోజోమ్ ఒక పెద్ద ముక్క, ఒక చిన్న ముక్క కలిసి ఏర్పడుతుంది. చిన్న ముక్క చీటీని చదువుతుంది, పెద్ద ముక్క పువ్వును పువ్వుతో ముడివేస్తుంది. చీటీ మీద మూడేసి అక్షరాలు కలిపి ఒక మాట. ఒక్కో మాట ఒక్కో పువ్వు పేరు. మాల ఆపేయమని చెప్పే మాటలు కూడా మూడు ఉన్నాయి. ఇక పూలను అందించే మనుషులు ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏలు. ఒక చేతిలో పువ్వు పట్టుకుని, రెండో చేత్తో చీటీ మీద తమ మాటను తడిమి చూసుకుంటాయి. సరిపోతేనే పువ్వు మాలలోకి వెళ్తుంది.

కట్టిన మాల అలాగే ఉండిపోదు. తనంతట తానుగానో, ఇతర ప్రొటీన్ల సాయంతోనో సరైన ఆకారంలోకి మడుచుకుంటుంది. కణం బయటికి వెళ్లవలసిన మాలలైతే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం మీద తయారై, గాల్జీ సముదాయంలో సర్దుబాటు జరిగి, చిరునామా పడి, పొట్లాలుగా బయలుదేరతాయి.

ఒక్క పువ్వు మారితే ఏమవుతుంది? సికిల్ సెల్ జబ్బే దానికి ఉదాహరణ. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో ఆరోది ఒక్కటి మారితే చాలు, గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు ఈ జబ్బు బాధ తెలుసు.

మరి ఈ పనికి ఖర్చెంత? పువ్వును అందించే మనిషి చేతికి ఎక్కించడానికే ఒక ఏటీపీ నుంచి రెండు ఫాస్ఫేటులు పోతాయి. రైబోజోమ్‌లో దాన్ని కూర్చోబెట్టి, చీటీని ముందుకు జరపడానికి ఏటీపీకి తోబుట్టువు లాంటి జీటీపీ రెండు ఖర్చవుతాయి. అంటే ఒక్కో పువ్వుకు సుమారు నాలుగు. హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు కలిపి 574 అమైనో ఆమ్లాలు. లెక్కవేస్తే ఒక్క హిమోగ్లోబిన్ అణువుకే దాదాపు 2,300 ఫాస్ఫేటు బంధాల ఖర్చు. ఆకలితో బడికి వచ్చిన పిల్లలు ఎందుకు ఎదగలేరో ఈ లెక్క చెబుతుంది. పూలు ఉండాలి, మాల కట్టే శక్తీ ఉండాలి.

పెర్ల్ రివర్‌లో ఎనిమిదేళ్లు

1930లో సుబ్బారావు గారికి హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది. ఇంత పని చేసినా ఆ విశ్వవిద్యాలయం ఆయనకు స్థిరమైన పదవి మాత్రం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. తరవాత అక్కడి పరిశోధన విభాగానికే అధిపతి అయ్యారు. మిగిలిన జీవితం ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లలో జరిగినంత పని చాలామందికి రెండు జన్మల్లో కూడా సాగదు.

మొదటిది ఫోలిక్ యాసిడ్. ఇది ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే విటమిన్. పేరు కూడా ఆకు అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచే వచ్చింది. డీఎన్ఏ అక్షరాలు తయారు కావాలంటే ఇది కావాలి. ఏటీపీలోని అడినిన్ తయారు కావడానికీ ఇదే కావాలి. అంటే అసలు పుస్తకానికీ, ఖర్చుల డబ్బుకూ కూడా ఇదే మూలం. ఇది చాలకపోతే వేగంగా విడిపోవలసిన కణాలు ముందు దెబ్బతింటాయి, ముఖ్యంగా రక్తకణాలు. 1945లో సుబ్బారావు గారి బృందం దీన్ని ప్రయోగశాలలో తయారు చేయగలిగింది. స్ప్రూ రోగుల చికిత్సకు అది పనికొచ్చింది. ఇద్దరు సోదరులను తీసుకుపోయిన జబ్బుకు ఆయన చేతుల మీదుగానే మందు వచ్చింది. అప్పటికి వాళ్లు పోయి పాతికేళ్లు దాటింది.

గర్భం దాల్చిన తొలి వారాల్లోనే బిడ్డ వెన్నుపాము, మెదడు రూపుదిద్దుకుంటాయి. ఆ సమయంలో ఫోలిక్ యాసిడ్ చాలకపోతే లోపాలు వచ్చే ప్రమాదం ఉందని తరవాతి తరాల పరిశోధకులు తేల్చారు. మీరు వేసుకున్న మాత్రకు కారణం అదే.

రెండోది దీనికి తిరగేసిన ఆలోచన. రక్త క్యాన్సరులో తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగిపోతాయి. పెరగాలంటే వాటికీ ఫోలిక్ యాసిడ్ కావాలి. మరి అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ, దాని పని చేయనిది ఒకటి ఇస్తే? తాళంలో దూరి, తిరగకుండా ఇరుక్కుపోయే నకిలీ తాళంచెవి లాంటిదన్నమాట. లెడర్లీలో అలాంటివి తయారు చేసి బోస్టన్‌లోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు పంపారు. 1948లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనకడుగు వేసింది. అది శాశ్వతంగా తగ్గిపోలేదు. కానీ అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లల తల్లిదండ్రులకు డాక్టర్లు చెప్పగలిగింది ఏమీ ఉండేది కాదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల రక్త క్యాన్సరు చికిత్సలో ఇతర మందులతో కలిపి వాడుతున్నారు. ఇప్పుడు ఆ పిల్లల్లో ఎక్కువమంది కోలుకుని మళ్లీ బడికి వెళ్తున్నారు.

మూడోది బోదకాలు మందు. 1947లో హెట్రజాన్ పేరుతో వచ్చింది. ఉభయ గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి బోదకాలు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాలుగోది ఆరియోమైసిన్. లెడర్లీలో సుబ్బారావు గారి నాయకత్వంలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పనిచేసేవారు. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, డెబ్బై దాటాక అక్కడ చేరారు. రకరకాల చోట్ల నుంచి తెప్పించిన మట్టిని వెతికి, మిస్సోరీ మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నారు. అది తయారు చేసే పదార్థమే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో రకాల బాక్టీరియాను ఇది అడ్డుకుంది.

ఎలా అడ్డుకుంటుంది? ఇక్కడే మన పూలమాల మళ్లీ వస్తుంది. ఈ మందు బాక్టీరియా రైబోజోమ్ చిన్న ముక్క మీద, పువ్వు తెచ్చే మనిషి వచ్చి నిలబడవలసిన చోట కూర్చుంటుంది. చీటీ ఉంది, పూలు ఉన్నాయి, అందించేవాళ్లు ఉన్నారు, కానీ నిలబడే చోటు లేదు. మాల ఆగిపోతుంది. ప్రొటీన్లు లేక బాక్టీరియా పెరగలేదు. మన కణాల్లోని రైబోజోముల నిర్మాణం కొంత వేరుగా ఉంటుంది, మందు మన కణాల్లోకి అంతగా చేరదు కూడా. అందుకే మన మాలలు సాగిపోతాయి.

ఈ సంగతి ఏదీ సుబ్బారావు గారికి తెలియదు. డీఎన్ఏ నిర్మాణం తెలిసింది 1953లో. రైబోజోములను సూక్ష్మదర్శినిలో స్పష్టంగా చూసిందీ ఆ దశాబ్దంలోనే. మూడక్షరాల మాటలను విప్పి చెప్పింది 1960లలో, మన హరగోవింద్ ఖొరానా గారు కూడా పాలుపంచుకున్న పరిశోధనలో. ఆ తరవాత చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారి బృందం 2000లో రైబోజోమ్ చిన్న ముక్క మీద టెట్రాసైక్లిన్ కూర్చున్న చోటును చిత్రంలో చూపించింది. రైబోజోమ్ నిర్మాణం మీద చేసిన కృషికి 2009లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. భీమవరం మనిషి తయారు చేయించిన మందు ఎక్కడ పనిచేస్తుందో చూడటానికి అర్ధ శతాబ్దం పట్టింది.

చెప్పకుండా దాటేయకూడని మాట

మహనీయుల కథలు చెప్పేటప్పుడు మెరిసే భాగాలే చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. సుబ్బారావు గారి జీవితంలో మరో పక్క ఉంది. అమెరికా వెళ్లిన తరవాత ఆయన మళ్లీ ఇండియా రాలేదు. ఆయన ఓడ ఎక్కాక ఇక్కడ కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరి గారు భర్త రాక కోసం ఎదురుచూస్తూనే ఉండిపోయారు. మందులు కోట్ల మందికి చేరాయి, ఒక ఇల్లు మాత్రం ఖాళీగా మిగిలింది. రెండూ ఒకే మనిషి జీవితంలోని నిజాలే.

పేరు విషయంలోనూ ఆయన ముందుకు వచ్చేవారు కాదు. తన కింద పనిచేసినవాళ్లను వేదిక ఎక్కించి, తాను వెనక వరసలో ఉండిపోయేవారు. నోబెల్ రాలేదు. అక్కడి చట్టం మారి భారతీయులకు పౌరసత్వం దొరికే వీలు కలిగినా, ఆయన తీసుకోలేదు. భారతీయుడిగానే ఉండిపోయారు.

ఫార్బర్ ఫలితాలు అచ్చయిన ఏడాది, ఆరియోమైసిన్ గురించి లోకానికి తెలిసిన ఏడాది ఒక్కటే, 1948. ఆ ఏడాది ఆగస్టులో పెర్ల్ రివర్‌లో రాత్రి నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. వయసు 53. ఆయన పోయాక ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

ఇంట్లో ఈ నెల

మూడోసారి పాసైతే ప్రతివారూ శాస్త్రవేత్త అవుతారని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అలా చెబితే పిల్లలు కూడా నమ్మరు. పదిహేనేళ్ల వయసులో వచ్చిన ఒక ఫలితం ఆ పిల్లవాడు చేయగలిగిన దాని గురించి చాలా తక్కువే చెబుతుంది, అంతే. సుబ్బారావు గారి మార్కుల కాగితంలో ఏటీపీ కనిపించలేదు, ఆరియోమైసిన్ కనిపించలేదు. కనిపించింది తప్పిన పరీక్ష ఒక్కటే. ఆయనకు మళ్లీ పుస్తకాలు చేతికిచ్చినవాళ్లకు కూడా ముందేమి జరుగుతుందో తెలియదు. తెలియకుండానే ఇచ్చారు.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఒక చిన్న పని చేయండి. నాలుగు రంగుల పూలు గానీ పూసలు గానీ తీసుకోండి. ఒకరు ఒక చీటీ మీద రంగుల వరస రాయాలి. ఒకరు పూలు అందించాలి. ఒకరు చీటీ చూసి మాల కట్టాలి. కాసేపయ్యాక, పూలు అందించేవారు నిలబడే చోట మరొకరు వెళ్లి కూర్చోండి. మాల ఎందుకు ఆగిందో పిల్లలనే చెప్పమనండి. ఆ తరవాత భీమవరం కుర్రాడి కథ చెప్పండి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే పని అది అయ్యాక చూసుకోవచ్చు.